మన సీమ వంటయిల్లు

ఈ సాయంకాలము నేను మనవి చేయదలచినది కోటలను గుఱించియు గాదు, యుద్ధములను గుఱించియు గాదు. మన సీమ చరిత్ర యనగానే కర్నూలు కొండారెడ్డి బురుజో, గండికోట లోయయో, కడప నవాబుల దర్బారో తలపునకు వచ్చుట సహజము. వానిని గుఱించి వ్రాసినవారు పలువురు గలరు. కాని ఆ బురుజును కట్టిన కూలివానికిని, ఆ కోటను గాచిన భటునికిని ప్రతిదినము సంగటిముద్ద యెక్కడ ఉడికినదో, ఆ గదిలో వెలుతు రుండెనో లేదో, పొగ యే దారిని వెడలెనో విచారించినవారు తక్కువ. నేడు ఆ చిన్న గదిని గుఱించి, అనగా వంటయింటిని గుఱించి, నాకు తెలిసిన నాలుగు మాటలు చెప్పెదను.

ఇందుకు నాకు ఒక సొంత కారణము కూడ గలదు. మాది కోవెలకుంట్ల ప్రాంతమున ఒక చిన్న పల్లె. మా యిల్లు తాతలనాటి మట్టిమిద్దె. అందు వంటయిల్లు ఎనిమిది అడుగుల వెడల్పు, పది అడుగుల పొడవు మాత్రమే. క్రిందటి యేడు శనగపంట అమ్మగా చేతికి మిగిలిన సొమ్ములో ముప్పదివేల రూపాయలు తీసి, ఆ గదిని బాగుచేయించితిని. బడిపంతులుగా ముప్పదియేండ్లు చరిత్రపాఠములు చెప్పిన నాకు, ఆ చిన్న పనిలో తెలిసినంత చరిత్ర పుస్తకములలో తెలియలేదు. నేను చేసిన యొక తప్పును కూడ ఆ పనియే నాకు చూపినది. దానిని తరువాత చెప్పెదను.

మొదట పాతకథ. మన సీమలో మనుష్యుడు పొయ్యి వెలిగించి యెన్ని యేండ్లయినది? బేతంచెర్ల చుట్టుప్రక్కల సున్నపుఱాతి గుహలు పెక్కు గలవు. బిళ్లసర్గము గుహలను రాబర్టు బ్రూసు ఫుట్ అను దొర 1884 ప్రాంతమున త్రవ్వి చూచెను. ఆయన కుమారుడు హెన్రీ ఫుట్ ఆ పని కొనసాగించెను. తరువాత నూఱేండ్లకు, మన పురావస్తు శాస్త్రజ్ఞులు ఎం. ఎల్. కె. మూర్తిగారు అదే ప్రాంతమున ముచ్చట్ల చింతమాను గవి యను గుహలో ఒక పాత పొయ్యి జాడను కనుగొనిరి. నిప్పు సెగ తగిలిన మట్టి తనలో ఒక విధమైన గుర్తు నిలుపుకొనును. ఆ గుర్తును పరీక్షించి కాలము గణించు పద్ధతిచేత, ఆ పొయ్యి సుమారు పదునేడువేల యేండ్ల నాటిదని 1983లో ప్రకటించిరి. అప్పటికి సేద్యము లేదు, కుండ లేదు, ఊరు లేదు. పొయ్యి మాత్రము ఉండెను. ఇల్లు పుట్టకముందే పొయ్యి పుట్టినదని దీనివలన తెలియుచున్నది.

పిదప సేద్యము వచ్చినది. కడప జిల్లాలోని పెద్దముడియము, హనుమంతరావుపేట వంటి చోట్ల నాలుగువేల యేండ్ల నాటి మట్టిని నీట కలిపి, తేలిన మసిగింజలను శాస్త్రజ్ఞులు ఏఱి చూచిరి. అందు ఉలవలు, పెసలు, అండుకొఱ్ఱలు వంటి చిన్న ధాన్యములు కనబడినవి. వరి మన మెట్టభూములకు చాల ఆలస్యముగా వచ్చిన చుట్టము. మన ముఖ్యాహారము గట్టిగింజ. దానిని దంచవలెను, విసరవలెను, చాలసేపు ఉడికించవలెను, ఉడికిన పిమ్మట బలముకొలది కెలకవలెను. కనుక మన వంటయింటికి రోలు, విసురుఱాయి, లోతైన పాత్ర, నేలకు దగ్గఱగా నున్న పొయ్యి ముఖ్యాంగము లయినవి. సంగటి కెలకు స్త్రీ కూర్చుండి, పాత్రను కదలకుండ అదిమిపెట్టి, రెండుచేతులతో సంగటికట్టె త్రిప్పును. ఈ సంగతి మఱచి వంటయిల్లు కట్టినవారు ఎంత సొమ్ము పెట్టినను వృథాయే యని ముందుముందు మీకు తెలియగలదు.

ఇక మన మిద్దె సంగతి. ఈ యింటిని తక్కువగా జూచు వాడుక ఒకటి యిప్పుడు వచ్చినది గాని, అది గొప్ప తెలివితో కూడిన కట్టడము. గోడ మట్టితోను ఱాతితోను లేచును. దానిపై దూలములు, దూలములపై దంతెలు, దంతెలపై చిన్నకట్టెలు గాని పలుచని బండలు గాని పఱతురు. దానిపై ఆకుకంప, ఆపై మన్ను, అన్నిటిపైన చౌడు. పైరు మొలవని చౌడునేల రైతునకు శత్రువు. కాని యింటికప్పునకు అదే మిత్రము. చౌటిలోని ఉప్పు మట్టిరేణువులను విడదీసి మెత్తగా జేయును. వానచినుకు తగిలినంతనే ఆ రేణువులు ఉబ్బి సందులను మూసివేయును. నీరు క్రిందికి దిగదు. ఏ గుణముచేత ఆ నేల పైరును చంపుచున్నదో, ఆ గుణముచేతనే ఇంటిని కాపాడుచున్నది. రూకకు గొనకుండ, ఊరిబయట త్రవ్వి బండిపై తెచ్చుకొనెడి వస్తువిది.

గదులు చిన్నవిగా నుండుటకు కూడ కారణము గలదు. దూలము పొడవెంతయో గది వెడల్పంత. మన మెట్టలలో పొడుగైన మాను దొరకుట యరుదు. నల్లమల నుండి తెచ్చుకొనవలెనన్న బండికూలి బరువు. కనుక ఇరుకుగదులే గతియైనవి. ఇరుకుగదిలో పొయ్యి మండినచో పొగ నిండును. అందుకు మన పెద్దలు కనిపెట్టిన యుపాయము గవాక్షి. పల్లెలలో దానినే గవాచి యందుము. పొయ్యికి మీదుగా మిద్దెలో మూరెడు వెడల్పుగల రంధ్రము విడిచి, చుట్టును చిన్న కట్ట కట్టి, వానకాలమున బండతోనో పగిలిన కుండతోనో మూయుదురు. వేడిగాలి పైకిబోవుట స్వభావము. పొగ ఆ దారినే వెడలును. ఆ దారినే వెలుతురు దిగును. పండ్రెండు గంటలవేళ ఆ వెలుతురు పొయ్యిరాళ్ల దగ్గఱకు వచ్చినదనగా కాపునకు బువ్వ పంపు వేళయైనదని మా యవ్వ చెప్పెడిది. దీపము, గడియారము, పొగగొట్టము మూడును ఒక్క రంధ్రమే. దానికైన ఖర్చు శూన్యము.

వంటయిల్లు ఆగ్నేయమూల నుండవలెనను శాస్త్రము మీకు తెలిసినదే. దాని ధర్మమెట్లున్నను, మన సీమలో జ్యేష్ఠాషాఢములందు వీచు పడమటిగాలి నెఱిగినవారికి ఒక లోకానుభవము తోచును. పొయ్యి తూర్పుదిక్కున నున్నచో ఆ గాలికి నిప్పురవ్వ యింటిమీదికి గాక వెలుపలికి పోవును. గడ్డివామి కాలిన యూళ్లను చూచినవారికి ఈ మాట విలువ తెలియును.

పొయ్యి యున్నంతమాత్రమున చాలదు. పొయ్యి మీదికి గింజయు, పొయ్యి క్రిందికి కట్టెయు కావలెను. ఈ రెండును మన సీమలో పలుమాఱులు కఱవైనవి. 1800లో నిజాము ఈ జిల్లాలను కుంపిణీవారికి దత్తము చేసెను. నాటినుండి నూఱేండ్లలో వచ్చిన కఱవులు అనేకములు. 1866 నాటి కఱవున ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిగారు వేలాదిమందికి అన్నము పెట్టించిరని, వారి యింటి పొయ్యి రేయింబవళ్లు ఆఱలేదని నేటికిని మన పల్లెలలో పాడుకొందురు. ఆ పిదప పదేండ్లకు, 1876 మొదలు 1878 వఱకు వచ్చిన ధాతుకరువు మన జిల్లాలను తుడిచిపెట్టినది. 1877లో రిచర్డు టెంపిలు దొర వచ్చి, కఱవుపనులలోని కూలివానికి దినమునకు ఒక పౌను ధాన్యమును, దానిపై కొద్దిపాటి చిల్లరయు చాలునని కూలిని తగ్గించెను. పౌను అనగా అరకిలోకు తక్కువ. దానితో ఱాళ్లు కొట్టు మనిషి యెట్లు బ్రతుకును?

ఆ కఱవు సంవత్సరములలోనే మన పొయ్యి క్రిందికి ఒక క్రొత్త కట్టె వచ్చినది. అడవులు తఱిగిపోయి వంటచెఱకు దొరకకుండుటచే, మద్రాసు రాజధాని యుత్తరభాగపు అడవుల యధికారి బెడోము దొర 1876లో అమెరికాఖండపు ముండ్లచెట్టు విత్తనములకై వ్రాసెను. అవి జమైకా దీవినుండి రాగా, ఆ వెంటనే కడప జిల్లాలోని కమలాపురమున విత్తిరి. మనము సర్కారుతుమ్మ యనియు, కంపచెట్టనియు పిలుచునది అదియే. అది నేడు చేల గట్లను, చెఱువుల గర్భములను ఆక్రమించి రైతును బాధించుచున్నమాట నిజము. కాని నూఱేండ్లకుపైగా మన పేదయింటి పొయ్యిని మండించినదియు అదియే. దాని కట్టె బాగుగా మండును. దాని పొగయు అంతే ఘాటు. పొయ్యికి కట్టె దొరకినది. ఊదుచున్న తల్లి కన్నులకు ఏమి దొరకినదో యెవరును అడుగలేదు.

ఇప్పుడు ఱాతిమాట. విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు 1872లో మన కడప, కర్నూలు శిలలను గుఱించి ఒక పెద్ద గ్రంథము ప్రకటించెను. ఆ శాస్త్రమున మన ఱాతిపొరలకు మన యూళ్ల పేర్లే నిలిచినవి. బనగానపల్లె, నార్జి, ఔకు, పాణ్యము, కోవెలకుంట్ల, నంద్యాల యను పేర్లు నేడు దేశదేశముల విద్యార్థులు చదువుచున్నారు. అందు సున్నపుఱాతి పొరలు పుస్తకపు పుటలవలె ఒకదానిపై నొకటి యుండును. గునపము పెట్టి యెత్తినచో పలకలు పలకలుగా లేచును. బెంగుళూరు, చెన్నపట్టణము, బొంబాయి మొదలగు నగరములలో నిలువు వంటకు కట్టిన అరుగుమీది నల్లబండను ఏ మనాలని యడిగినను కడపఱాయి యందురు. బేతంచెర్ల బండ లేని సామాన్యుని యిల్లు దక్షిణదేశమున తక్కువ. ఇట్లు మన ఱాయి పరదేశముల వంటయిండ్లను బాగుచేయుచుండగా, ఆ ఱాతిగనులకు ఆమడ దూరములోనే యున్న మా యింట వంటయింటి నేల మొన్నటిదాక పేడతో అలికిన మట్టినేలయే. దీనిని నిందగా చెప్పుట లేదు. అలికిన నేల చల్లన, మెత్తన. కాని నీరు నిలిచిన చోట గుంటపడును, ఎలుక బొక్క చేయును. వారమునకు రెండుమాఱులు నడుము వంచి అలుకువారి శ్రమను లెక్కింపనివాడు మాత్రమే అది ఖర్చులేని నేల యనును.

ఇక పొగను గుఱించిన ప్రయత్నములు. గాంధీమహాత్ముని ప్రేరణచే 1934లో ఏర్పడిన గ్రామపరిశ్రమల సంఘము వార్ధాలోని మగన్‌వాడి కేంద్రముగా పనిచేసెను. అక్కడ మట్టితోనే చేసి గొట్టము పెట్టిన యొక పొయ్యిని తయారుచేసి మగన్ చూలా అని పేరు పెట్టిరి. పిదప హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలలో ఎస్. పి. రాజుగారు ఈ విషయమున విశేషకృషి చేసి, పొగలేని వంటయిండ్లు కోట్లాదిజనులకు అందవలెనని 1953లో ఆంగ్లమున ఒక చిన్నపుస్తకము వెలువరించిరి. ఆయన పొయ్యిలో మంట యొక్కటి, దానిమీద గిన్నెలు వరుసగా రెండుమూడు, చివర గోడగుండ పైకి పోవు గొట్టము. ఆ యేడే, 1953 అక్టోబరు 1వ తేదీన, మన కర్నూలు ఆంధ్రరాష్ట్రమునకు రాజధాని యయ్యెను. డేరాలలో కచేరీలు నడచినవి. రాజ్యములు ఏర్పడుటయు, పొయ్యి మాఱుటయు ఒక్క యేట జరిగినను, మొదటిది అందఱికి జ్ఞాపకమున్నది, రెండవది ఎవరికిని లేదు.

1983లో కేంద్రప్రభుత్వము మెఱుగైన పొయ్యిల పథకమును దేశమంతట ప్రారంభించెను. 2002లో అది ముగియునప్పటికి మూడుకోట్లకు పైగా పొయ్యిలు పంచిరి. మా యూరికిని కొన్ని వచ్చినవి. రెండేండ్లు తిరుగకమునుపే వానిలో పెక్కింటి గొట్టములు మసితో పూడినవి, మట్టి పగిలినది. ఊడ్చుట యెట్లో యెవరును నేర్పలేదు. అంతకంటె పెద్ద లోపము మఱియొకటి. పొయ్యికన్ను చిన్నది, అంచు పెళుసు. లోతైన సంగటిపాత్రను దానిపై నిలిపి కెలికినచో పొయ్యియే కదలిపోవును. అన్నము వండువారిని మనసులో పెట్టుకొని చేసిన పొయ్యిలో సంగటి కెలకవలసివచ్చినది. దేశములో ఇతరచోట్ల కూడ ఇటువంటి కారణములచేతనే ఆ పొయ్యిలలో చాలభాగము మూలబడినవి. సొమ్ము తక్కువయై ఆ పని చెడలేదు. వండువారిని ముందుగా అడుగకపోవుటచే చెడినది.

తరువాత గ్యాసు వచ్చినది. 1999లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దీపము పథకము క్రింద పొదుపుసంఘముల స్త్రీలకు గ్యాసు కనెక్షను లిప్పించెను. 2016లో కేంద్రప్రభుత్వము ఉజ్జ్వల యను పథకమును ప్రారంభించెను. మా పల్లెలో నేడు సిలిండరు లేని యిల్లు లేదు. అయినను సిలిండరు ఖరీదునకు వెఱచి, టీకిని కూరకును గ్యాసు, సంగటికిని నీళ్లకాపునకును కట్టె యను యేర్పాటు చాల యిండ్లలో నిలిచియున్నది. పొగ పోయినదనుకొని మనము మఱచితిమి. పొగ పోలేదు. ప్రపంచ ఆరోగ్యసంస్థవారి గణన ప్రకారము 2020లో ఇంటిలోని వంటపొగ కారణముగా లోకమున 32 లక్షలమంది మరణించిరి. ఊపిరితిత్తుల జబ్బులు, గుండెజబ్బులు, కంటిశుక్లములు దీనివలన కలుగు కీడులని వారు చెప్పుచున్నారు.

ఇప్పుడు నా తప్పును చెప్పెదను. 1989లో ఒకనాటి తుపానువానకు మా వంటయింటి గవాక్షి ప్రక్కన మిద్దె ఉరిసినది. దంతె యొకటి నానినది. నేను అప్పటికి ఉద్యోగములో చేరి కొలదికాలమే. చదువుకొన్నవాడనను గర్వము కొంత, నెలజీతము వచ్చుచున్నదను ధీమా కొంత. బేల్దారిని పిలిపించి, గవాక్షిని బండతో కప్పి, చుట్టును సిమెంటు వేయించి, శాశ్వతముగా మూయించితిని. పని ముగిసినపిదప మా యమ్మ వచ్చి పైకి చూచి, “బాగుండాది నాయనా, వాన రాదు. మఱి పొగ యాడికి పోతాది?” అని యడిగెను. “వాకిలి ఉంది కదమ్మా” అంటిని. ఆమె మఱి మాటాడలేదు. ఆ చీకటిగదిలో ఆమె పదునాలుగేండ్లు వండినది. గ్యాసు వచ్చిన తరువాత కూడ సంగటి కట్టెపొయ్యిమీదనే. చివరికాలమున రెండుకన్నులకు శుక్లములు వచ్చి శస్త్రము చేయించితిమి. దగ్గు మాత్రము విడువలేదు. ఆ రోగము ఆ గదివలననే వచ్చినదని నిశ్చయముగా చెప్పుటకు నేను వైద్యుడను గాను. కాని ఆ ప్రశ్నకు నేను చెప్పిన బదులు సరియైనది కాదని నాకు తెలియును. ఆమె పోయి యిప్పటికి ఆఱేండ్లు.

క్రిందటి యేట పని యారంభించునపుడు మొదట నేను అనుకొన్నది గోడలకు మెఱుగుపలకలు అతికింపవలెననియు, అలమరలు చేయింపవలెననియు. బేల్దారి వేసిన లెక్క అరువదివేలు దాటినది. చేత నున్నది ముప్పది. అప్పుడు మా యింటావిడను, “నీకేమి కావలెను?” అని యడిగితిని. నలువది యేండ్ల సంసారములో ఆ గదిని గుఱించి ఆమెను నే నడుగుట అదే మొదలు. ఆమె చెప్పినవి నాలుగే. గాలి, వెలుతురు, నీళ్లు పోవుదారి, నడుము వంగకుండ పని. మెఱుగుపలకలమాట ఆమె యెత్తలేదు. ఆ నాలుగింటిని ఆమె చెప్పిన వరుసలోనే చేయించితిమి. లెక్క మీకు విప్పి చెప్పెదను. ఎవరికైన పనికిరావచ్చును.

మొదటిది గవాక్షి. సిమెంటు పగులగొట్టి పాతరంధ్రమునే తెఱచితిమి. ఈమాఱు చుట్టును జేనెడెత్తు ఇటుకకట్ట కట్టి, నాలుగుమూలల నాలుగు ఇటుకలు నిలిపి, వానిపై రంధ్రముకంటె పెద్దదిగా నున్న బండ పెట్టించితిని. వాన బండమీద పడి కట్టకు వెలుపల జాఱును. ప్రక్కసందులనుండి ఆవిరియు ఘాటును వెడలును. నాడు నేను చేయవలసిన మరమ్మతు ఇదే. దీనికైనది మూడువేలు. గ్యాసు గాలికంటె బరువైనది గనుక, లీకైనచో నేలబారున నిలుచును. అందుచే గోడలో నేలకు దగ్గఱగా ఒక చిన్నరంధ్రము జల్లెడతో ఏర్పఱచితిమి. పై గవాక్షి పొగకు, క్రింది రంధ్రము గ్యాసుకు. సిలిండరుపెట్టుకొన్న ప్రతివారును దీనిని గమనింపవలెను.

రెండవది మిద్దె. ట్రాక్టరుతో చౌడు తెప్పించి, పాతపొర గీకి, క్రొత్తగా పఱచి వాలు సరిచేయించుటకు నాలుగువేల యైదువందలు. లోపలిగోడలకు సిమెంటు పూత వలదంటిని. మట్టిగోడ తేమను పీల్చి విడుచుచుండును. సిమెంటు పైన పడినచో ఆ తేమ లోపల నిలిచి, కొన్నాళ్లకు పూత పెళ్లలు పెళ్లలుగా ఊడును. మట్టితోనే మెత్తి సున్నము కొట్టించితిమి. పదునైదువందలు. తెల్లని గోడ వెలుతురును రెండింతలు చేయును. ఊరిలో పడగొట్టిన యింటి పాతకిటికీ యొకటి కొని తూర్పుగోడకు పెట్టించుటకు మఱి పదునైదువందలు.

మూడవది నీటిదారి. గదిమూలన జాలాడి కట్టి, గొట్టముగుండ నీటిని పెరటిలోని కరివేపచెట్టుకును అరటికిని పంపుటకు రెండువేల యైదువందలు. మన సీమలో కడిగిననీరు కూడ పంటకాలువయే.

నాలుగవది అరుగు. ఆఱడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గల నల్లబండ నొకదానిని రెండు ఱాతిగోడలమీద నిలిపితిమి. ఎత్తును పుస్తకము చూచి నిర్ణయింపలేదు. మా యింటావిడను నిలుచుండబెట్టి, మోచేయి మడిచి, దానికి నాలుగంగుళములు క్రిందుగా గుర్తుపెట్టితిమి. బండక్రింద ఖాళీయే అలమర. సంగటిపొయ్యిని మాత్రము గదిలో నుంచలేదు. పెరటి పంచలో కూర్చుండి కెలుకుటకు వీలైన యెత్తున, బలమైన మట్టిపొయ్యి వేసి, పడమటిగాలికి అడ్డముగా రెండుబండలు నిలిపితిమి. అరుగును, ఈ పొయ్యియు కలిపి ఏడువేల యైదువందలు. కడపట నేల. ఎనుబది చదరపుటడుగులకు బేతంచెర్ల బండలు, పఱచుకూలితో కూడ ఎనిమిదివేలు. అన్నియు కూడగా ఇరువదియెనిమిదివేల యైదువందలు. మిగిలినది పదునైదువందలు. దానితో ఒక దీపము, గిన్నెలకు ఒక మెట్లబల్ల వచ్చినవి. పాతగోడగూళ్లను మూయలేదు. ఉప్పుజాడికిని, పోపులడబ్బాకును వానికంటె మంచిచోటు లేదు.

మీలో పలువురు ఇండ్లు మరమ్మతు చేయించు వయస్సువారు. కొడుకులు పట్టణమునుండి సొమ్ము పంపుదురు. సొమ్ము చాలకున్నచో సగము పని విడువవలసివచ్చును. విడువవలసినది కంటికి కనబడు మెఱుగును గాని, ఊపిరి యాడు దారిని గాదు. గాలికి మొదటి రూపాయ, కప్పునకు రెండవది, నీటికి మూడవది, అరుగునకును నేలకును తరువాత. ఇది మా యింటి లెక్క. మీ యింటి వరుస వేఱు కావచ్చును. దానిని నిర్ణయింపవలసినవారు బేల్దారియు గాదు, మీరును గాదు, ఆ గదిలో దినమునకు మూడుపూటలు నిలుచువారు. పదునేడువేల యేండ్లుగా మన సీమలో పొయ్యి మండుచున్నది. ఆ పొయ్యిదగ్గఱ నున్నవారు ఏమి కోరుకొన్నదియు ఏ శాసనములోను చెక్కలేదు. మన యింటిలోనైన అడిగి తెలిసికొనుటకు ఖర్చేమియు లేదు.

ఇప్పుడు మధ్యాహ్నవేళ మా వంటయింట గవాక్షి వెలుతురు పాతచోటనే దిగుచున్నది. అరుగుమీద పోపు పెట్టినపుడు ఆవిరి నిలువుగా లేచి, ఆ వెలుతురులో ఒక్క నిమేషము కనబడి, పైకి పోవుచున్నది. పొగ యాడికి పోతాదని మా యమ్మ యడిగిన ప్రశ్నకు ముప్పదియైదేండ్లకు బదులు చెప్పగలిగితిని. ఆ బదులు వినుటకు ఆమె లేదు. మీ యింటి పెద్దవారు ఉన్నారు గదా, ఈ రాత్రియే వంటయింటిలోనికి పోయి ఒక గడియ కూర్చుండి చూడుడు. సెలవు.